‘కట్’ చెప్పని చోట నాలుగు నెలలు

ఫారిన్ పాట అంటే మనకి ఎంతసేపు? మహా అయితే నాలుగున్నర నిమిషాలు! పల్లవికి ఒక మంచుకొండ, మొదటి చరణానికి ఒక నీలాల సరస్సు, రెండో చరణానికి పచ్చిక బయలు. హీరోయిన్ చలికి వణుకుతూనే పల్చటి చీరలో నవ్వుతూ వుంటుంది. హీరోగారు మాత్రం కోటు మీద కోటు వేసుకుని హాయిగా వుంటారు. పాట అయిపోగానే మనం ఇంటర్వెల్‌కి లేచి సమోసా కోసం పరిగెడతాం. ఆ కొండ, ఆ సరస్సు ఏమయ్యాయో ఎవరికీ పట్టదు.

నేను ఎడిటింగ్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుని. అలాంటి కొండల్నీ సరస్సుల్నీ మూడేసి సెకన్లకి ముక్కలు చెయ్యడమే నా వృత్తి. అటువంటివాణ్ణి ఒక సరస్సు పక్కన 2024 జనవరి నుంచి ఏప్రిల్ చివరిదాకా, అంటే నాలుగు నెలలు, కాపురమున్నాను. అదీ న్యూజీలాండ్‌లో! “ఏం చూశావు?” అని అడుగుతున్నారు మిత్రులు. చూసింది కొంత, నేర్చుకున్నది కొంత. రెండూ చెప్తాను, వినండి.

అక్కయ్య పిలుపు

రెండేళ్ళు పనిచేసిన సినిమా ఒకటి ఆగిపోయింది. పేరెందుకు లెండి! డబ్బు చాలలేదన్నారు. రెండేళ్ళ కష్టం నాలుగు హార్డ్‌డిస్కుల్లోకి చేరి బీరువా ఎక్కింది. నాకు రావలసిన డబ్బులు సగమే వచ్చాయి. తెనాలి వెళ్ళి బాబాయి కొట్లో కూర్చుందామా, ఇంకో ఎడిటర్ గారి దగ్గర చేరదామా అని తేల్చుకోలేక వున్న రోజులవి.

మా అక్కా బావా న్యూజీలాండ్ దక్షిణ దీవిలో టె ఆనౌ అనే చిన్న ఊళ్ళో వుంటారు. బావ హోటల్లో వంట మాస్టరు. “ఒరేయ్, అక్కడ కూర్చుని గోడలు చూసే బదులు ఇక్కడికొచ్చి కొండలు చూడు. టిక్కెట్టు డబ్బులు తర్వాత ఇద్దువుగాని” అంది అక్క. విజిటర్ వీసా వచ్చింది, విమానం ఎక్కేశాను.

సినిమావాళ్ళకి ఈ దేశం కొత్తేమీ కాదు. హృతిక్ రోషన్ హీరోగా మొదటి సినిమా ‘కహో నా ప్యార్ హై’ 2000లో వచ్చినప్పుడు, ఈ దేశపు అందాలు చూసి ఇండియా అంతా మురిసిపోయింది. 2001 నుంచి 2003 దాకా వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు భాగాలూ ఇక్కడే తీశారు. మన తెలుగులో 2025లో విడుదలైన ‘కన్నప్ప’ కూడా చాలాభాగం ఇక్కడే తీశారు. టె ఆనౌ నుంచి మానపూరి వెళ్ళే దారిలో వైయావు నది కనిపిస్తుంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో హీరో బృందం పడవలేసుకుని వెళ్ళే మహానది అదే. నేను దాని ఒడ్డున కూర్చుని అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాను. ఆ భాగ్యం ఏ హాలీవుడ్ హీరోకి దక్కింది చెప్పండి!

పాము లేని అడవి

ఊరు బుల్లిది. జనాభా మూడు వేలకి అటూ ఇటూ. సరస్సు మాత్రం బ్రహ్మాండం. 344 చదరపు కిలోమీటర్లు, లోతు 417 మీటర్లు. దాని అవతలి ఒడ్డు నుంచే ఫియోర్డ్‌లాండ్ నేషనల్ పార్కు మొదలవుతుంది. పన్నెండు వేల చదరపు కిలోమీటర్ల పైన అడవి, కొండ, మంచు, నీళ్ళు! జనవరిలో అక్కడ ఎండాకాలం. రాత్రి తొమ్మిదిన్నరకి గానీ సూర్యుడు దిగడు. మొదటివారం నాకు భోజనం ఎప్పుడు చెయ్యాలో, పడక ఎప్పుడు వెయ్యాలో అర్థం కాలేదు.

అడవి అంటే మనకి మొదట గుర్తొచ్చేది పాము. అక్కడ నేలమీద పామే లేదు! పులి లేదు, ఎలుగు లేదు. ఆ నేలకి సొంతమైన క్షీరదాలంటే గబ్బిలాలు మాత్రమే. తరుముకొచ్చే మృగం లేకపోయేసరికి కొన్ని పక్షులు యుగాల తరబడి నేలమీదే బతికి, ఎగరడమే మానుకున్నాయి. మనిషి పడవల్లో ఎలుకల్ని తెచ్చాడు. తరవాత కుందేళ్ళని తెచ్చాడు. కుందేళ్ళు పెరిగిపోయి పంటలు తినేస్తుంటే, వాటిని తింటాయని 1880లలో ముంగిసలాంటి స్టోట్ అనే జంతువుని తెచ్చి వదిలాడు. స్టోట్ కుందేలు వెంటే ఎందుకు పరిగెడుతుంది? ఎగరలేని పక్షి ఎదురుగా వుండగా!

మా అక్కావాళ్ళ వీధిలో ఓ పెద్దావిడ వుంది. రిటైరైన టీచరు, వయసు డెబ్భై దాటింది. వారానికోసారి అడవిలో స్టోట్ల కోసం పెట్టిన బోన్లు చూసి వస్తుంది. జీతం లేదు, భత్యం లేదు. “ఊరికే కూర్చున్నావుగా, రా” అంది. నేనూ వెళ్ళడం మొదలుపెట్టాను.

బోను అంటే ఓ చెక్కపెట్టె. లోపల ఎరగా కోడిగుడ్డు. పెట్టె తెరవాలి, చచ్చింది వుంటే తీసెయ్యాలి, గుడ్డు మార్చాలి, నంబరు పుస్తకంలో రాయాలి, తర్వాతి పెట్టెకి నడవాలి. చాలా రోజులు ఒక్క పెట్టెలోనూ ఏమీ పడదు. మూడోవారం విసుగొచ్చి, “ఏమీ పడలేదు కదండీ, ఇంత నడిచి ఏం లాభం?” అన్నాను.

ఆవిడ నవ్వి, “పెట్టె ఖాళీగా వుండటమే కదయ్యా మనకి కావలసింది!” అంది.

ఫలితం కనిపించని రోజు పని జరగలేదనుకునేవాణ్ణి నేను. రిలీజు లేని సినిమాకి విలువ లేదనే లోకంలోంచి వచ్చినవాణ్ణి మరి! ఆవిడ మాట చాలా రోజులు చెవిలో మోగింది.

నడుస్తూ నడుస్తూ ఆవిడ ఒకచోట ఆగి, బూటుతో ఎండుటాకులు గీకి, నిశ్చలంగా నిలబడేది. రెండు నిమిషాలు గడిచేవి. ఎక్కణ్ణించో బూడిదరంగు రాబిన్ పిట్ట దిగి, గీకినచోట పురుగులు ఏరుకుంటూ బూటు దాకా వచ్చేది. కదిలామా, పోయింది. కెమెరా కోసం జేబులో చెయ్యి పెట్టామా, పోయింది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మూడు సెకన్లకే కత్తెర వెతుక్కునే నా చెయ్యి, ఆ పిట్ట పుణ్యమా అని, పావుగంట కదలకుండా వుండటం నేర్చుకుంది.

ఏరు అడ్డం పడిన రోజు

అసలు పరీక్ష మార్చినెలలో వచ్చింది.

అక్కడి అడవుల్లో నడిచేవాళ్ళ కోసం ప్రభుత్వం వారు గుడిసెలు కట్టిపెట్టారు. పడుకోవడానికి బల్లలు, నీళ్ళకి తొట్టి, చలికాచుకోవడానికి పొయ్యి. కాపలా లేదు, తాళం లేదు. ఎవరి బియ్యం వాళ్ళు మోసుకెళ్ళాలి. పేరున్న దారి కాదుగానీ ఓ చిన్నలోయలో ఆరు బల్లలున్న గుడిసెకి వెళ్ళాను. సోమవారం వెళ్ళి మంగళవారం తిరిగి రావాలి. బుధవారం పొద్దున్న హైదరాబాదు నుంచి నాకు వీడియో కాల్ వుంది. ఒక పెద్ద సినిమాకి అసోసియేట్ ఎడిటర్ని తీసుకుంటున్నారు. నా పేరు వాళ్ళ దాకా వెళ్ళింది. ఆ ఒక్క కాల్ కోసం నెల రోజులుగా కాసుకుని వున్నాను.

సోమవారం రాత్రి వాన మొదలైంది. వాన అంటే మన వాన కాదు. ఆ కొండల అవతల వున్న మిల్‌ఫర్డ్ సౌండ్ దగ్గర ఏడాదికి 6,000 మిల్లీమీటర్ల పైన కురుస్తుంది. మన హైదరాబాదు ఏడాదంతా తడిసేది 800 దాకా మాత్రమే! తెల్లారేసరికి, నిన్న మోకాలు దాకా కూడా లేని ఏరు గోధుమరంగులో గర్జిస్తోంది. నీళ్ళడుగున బండరాళ్ళు దొర్లుతుంటే ఆ చప్పుడు గుడిసె దాకా వినిపించింది. వంతెన లేదు. ఫోనులో సిగ్నలు లేదు.

గుడిసెలో మేం ముగ్గురం. నేను, ఒక జర్మన్ కుర్రాడు, జింకల వేటకి వచ్చిన ఓ ముసలాయన. జర్మన్ కుర్రాడికి మర్నాడు క్వీన్స్‌టౌన్‌లో విమానం. “ముగ్గురం భుజాలు పట్టుకుని దాటేద్దాం” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసు కూడా అటే లాగుతోంది.

ముసలాయన ఏమీ అనలేదు. వెళ్ళి నీటి అంచున ఓ పుల్ల గుచ్చి వచ్చాడు. టీ కాచాడు. ముగ్గురికీ పోశాడు. ఆ తర్వాత తాపీగా చెప్పాడు. “పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వలసొచ్చినవాళ్ళు ఏళ్ళు దాటబోయి ఎంతమంది మునిగిపోయారంటే, మునిగి చావడానికి ‘న్యూజీలాండ్ చావు’ అనే పేరొచ్చింది. ఇక్కడి నేల పల్చన, కింద అంతా రాయి. వాన ఎంత త్వరగా ఏరు నింపుతుందో, ఆగితే అంత త్వరగా దిగిపోతుంది. మనం చెయ్యాల్సిన పని ఒకటే. టీ తాగడం.”

మంగళవారమంతా కూర్చున్నాం. గంటకోసారి పుల్ల చూసి రావడమే పని. పుల్ల మునిగింది, ఇంకోటి గుచ్చాం. నా కళ్ళముందు ఆ వీడియో కాల్, ఆ సినిమా టైటిల్సులో నా పేరు. కుర్రాడు రెండుసార్లు సంచీ భుజానికి తగిలించుకున్నాడు, రెండుసార్లూ దించాడు. ఎవరి పోరాటం వాళ్ళ లోపలే జరిగింది. మనం హీరో అంటే నదిలోకి దూకేవాడనుకుంటాం. ఆరోజు ఆ గుడిసెలో దూకకుండా కూర్చోవడానికి ఎంత దమ్ము కావాలో తెలిసింది నాకు!

అర్ధరాత్రి వాన ఆగింది. బుధవారం మధ్యాహ్నానికి పుల్లలు రెండూ ఒడ్డున పొడిగా నిలబడి వున్నాయి. నీళ్ళు మోకాలు దాకా వచ్చాక ముగ్గురం భుజాలు పట్టుకుని దాటాం. నేను ఇల్లు చేరేసరికి రాత్రయింది. ఫోనులో ఆరు మిస్డ్ కాల్సు. మర్నాడు నేను ఫోన్ చేస్తే, “వేరే అబ్బాయిని తీసుకున్నాం, ఏమీ అనుకోకండి” అన్నారు. అంతే! పెద్ద సినిమా పోయింది.

అక్కని, “కంగారు పడ్డావా?” అని అడిగాను. “మంగళవారం వస్తావు, గురువారం మధ్యాహ్నానికీ రాకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యమని రాసి ఫ్రిజ్ మీద అంటించావుగా! గురువారం దాకా కంగారు పడకూడదని ఒట్టేసుకుని పడుకున్నాన్రా” అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది.

అది అక్కడి పద్ధతి. ఎక్కడికి వెళ్తున్నావో, ఎప్పుడొస్తావో, ఏ గంట దాటితే వెతకాలో ఒకరికి చెప్పి వెళ్ళాలి. ప్రతి గుడిసెలోనూ ఓ పుస్తకం వుంటుంది, అందులోనూ రాయాలి. స్వేచ్ఛ అంటే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం అనుకునే వయసు మనది. చెప్పి వెళ్ళడంలోనే ఎక్కువ స్వేచ్ఛ వుందని ఆ ఫ్రిజ్ మీద కాగితం చెప్పింది.

ఒంటరి మనిషి కథ

ఆ వారమంతా ముఖం వేలాడేసుకుని తిరిగాను. బోన్ల పెద్దావిడ గమనించి, ఏమీ అడక్కుండా ఒక కథ చెప్పింది. ఎవరైనా సినిమా తీస్తే బాగుండే కథ!

ఫియోర్డ్‌లాండ్ తీరంలో రెజల్యూషన్ అనే దీవి వుంది. కాకపో అనే పచ్చటి చిలకని, కివి పక్షుల్ని స్టోట్ల నుంచి కాపాడటానికి ఆ దీవిని అభయారణ్యం చేసి, 1894లో రిచర్డ్ హెన్రీ అనే ఆయన్ని సంరక్షకుడిగా వేశారు. కాకపో ఎగరలేదు. ప్రపంచంలోకెల్లా బరువైన చిలక. హెన్రీ తన కుక్క మూతికి చిక్కం కట్టి, మెడకి గంట కట్టి, దాని సాయంతో పక్షుల్ని వెతికి, పడవలో మోసి దీవికి చేర్చేవాడు. ఆ వానలో, ఆ చలిలో, దాదాపు ఒంటరిగా, ఏళ్ళ తరబడి! వందల పక్షుల్ని చేర్చాడు.

1900లో వార్త తెలిసింది. స్టోట్‌లు సముద్రం ఈది దీవి చేరాయి. ఆయన చేర్చిన పక్షులకిక దిక్కులేదు. మన భాషలో చెప్పాలంటే, సినిమా మొత్తం తీశాక నెగటివ్ కాలిపోయింది.

“మరి ఆయన బతుకంతా వృథాయేనా?” అన్నాను. నా గొంతులో నా గొడవే వుందని ఆవిడకి తెలుసు.

“ఇంకా వుంది విను” అంది. పక్షుల్ని శత్రువులేని దీవికి తరలించాలన్న ఆయన ఆలోచనే తర్వాతి తరాలవారు అందుకున్నారు. అయితే ఈసారి స్టోట్‌లు ఈదలేనంత దూరంలో వున్న దీవుల్ని ఎంచుకున్నారు, ఎలుకల్ని, పిల్లుల్ని ముందే ఏరేశారు. 1995 నాటికి ప్రపంచంలో మిగిలిన కాకపోలు 51 మాత్రమే. 2022 లెక్కకి అవి 252 అయ్యాయి! 1975లో ఫియోర్డ్‌లాండ్ కొండల్లో దొరికిన ఓ మగ కాకపోకి ఆయన పేరే, రిచర్డ్ హెన్రీ అని పెట్టారు. 1998లో దానికి మూడు పిల్లలు పుట్టాయి. 2010లో అది చనిపోయింది, దాని సంతానం మాత్రం బతికి వుంది.

ఆగిపోయిన నా సినిమాలో నేను నేర్చుకున్న పని ఎవరూ బీరువాలో పెట్టి తాళం వెయ్యలేదు కదా అని ఆరోజు మొదటిసారి అనిపించింది.

సరస్సు కోసం సంతకాలు

పక్కవూరు మానపూరి. అక్కడి సరస్సుది ఇంకో కథ. అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం ఆ సరస్సు మట్టం బాగా పెంచాలనుకున్నారు. ఒడ్డునున్న అడవి, చిన్నచిన్న దీవులు మునిగిపోతాయి. జనం లేచారు. 1970లో 2,64,907 మంది సంతకాలు పెట్టారు. అప్పటి ఆ దేశ జనాభాలో దాదాపు పదోవంతు! 1972 ఎన్నికల్లో ఇదే పెద్ద సమస్య అయ్యింది. సరస్సు మట్టం పెంచబోమన్న పార్టీ గెలిచింది, మాట నిలబెట్టుకుంది. కరెంటు ఇప్పటికీ అక్కడ తయారవుతోంది, భూగర్భంలో కట్టిన పవర్‌హౌస్‌లో. సరస్సు సరస్సుగానే వుంది.

నేనక్కడ చూసిన అందం దానంతటది మిగల్లేదు. ఎవరో సంతకం పెట్టారు, ఎవరో గుడ్డు మార్చారు, ఎవరో కుక్క మెడకి గంట కట్టారు. పాటలో మనం చూసే ప్రతి ఫ్రేము వెనకా అలాంటివాళ్ళున్నారు.

కుట్టి పంపే పురుగు

ఇంత చెప్పి నాము సంగతి చెప్పకపోతే ఎలా! నాము అంటే మావోరీ భాషలో శాండ్‌ఫ్లై. ఆవగింజంత నల్లటి పురుగు. ఆడదే కుడుతుంది. కుట్టిందంటే రెండు రోజులు గోక్కోవలసిందే! మావోరీలు చెప్పే కథ ఒకటుంది. ఒక దేవుడు గండ్రగొడ్డలితో మిల్‌ఫర్డ్ తీరపు కొండలన్నీ చెక్కాడట. చివరి పని చూసి మృత్యుదేవత హినె-నుయ్-టె-పో, “ఇంత అందమైతే మనుషులు వచ్చి ఇక్కడే వుండిపోతారే!” అని బెంగపడి, ఈ పురుగుల్ని వదిలిందట.

నాకు ఆ దేవత తెలివి నచ్చింది. ఏప్రిల్ చివర్లో చలి మొదలయ్యింది, కొండలమీద మంచు పడింది. “ఇంకో రెండు నెలలు వీసా పొడిగించుకోరా” అన్నాడు బావ. వద్దన్నాను. పని వదిలి పారిపోవడానికి వచ్చిన చోటు, పనిలోకి వెళ్ళాలనిపించేలా చేసింది. అక్కడే వుండిపోతే ఆ మేలు చెడిపోతుంది.

ఇప్పుడు ఒక చిన్న సినిమాకి పనిచేస్తున్నాను. పేరు పెద్దది కాదు, డబ్బు అసలే పెద్దది కాదు. కానీ ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని కొడుకు కోసం ఎదురుచూసే షాట్ వచ్చింది. డైరెక్టరుగారు మూడు సెకన్లు చాలన్నారు. నేను పదకొండు సెకన్లు వుంచి చూపించాను. ఆయన ఇంకోసారి వెయ్యమన్నారు. పదకొండే వుంది.

వెళ్ళాలనుకుంటే...

మీలో ఎవరికైనా అటు వెళ్ళే అవకాశం వస్తే నాలుగు మాటలు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వాళ్ళ ఎండాకాలం, స్వెట్టరు మాత్రం తప్పదు. మిల్‌ఫర్డ్ ట్రాక్ అనే 53.5 కిలోమీటర్ల నాలుగు రోజుల నడక ప్రపంచ ప్రసిద్ధం, దానికి చాలా ముందుగానే టిక్కెట్టు కొనాలి. వానకోటు లేకుండా బయటికి అడుగుపెట్టకండి. కియా అనే కొండచిలక దగ్గరికి వస్తే ముద్దుగా వుందని తిండి పెట్టకండి. కారు కిటికీ రబ్బరు పీకి మరీ పలకరిస్తుంది! ఏరు గోధుమరంగులో వుంటే టీ పెట్టుకోండి.

అటు వెళ్ళినా, మన నల్లమలకి వెళ్ళినా, పక్కవూరి గుట్టకి వెళ్ళినా, గడప దాటేముందు ఓ కాగితం మీద ఎక్కడికి, ఎప్పుడొస్తాను అని రాసి అమ్మకిచ్చి వెళ్ళండి. ఆవిడ నిద్రపోతుంది, మీరు హాయిగా నడుస్తారు.